ఈశాన్యం మూల, రెండో మనిషి

1980 ఫిబ్రవరి 11

మా ఆయన బ్యాంకులో పంచగా మిగిలిన డైరీ ఒకటి తెచ్చి ఇచ్చాడు. "ఇంట్లోకి ఏమేం కావాలో రాసిపెట్టుకో" అన్నాడు. ఇంట్లోకి ఏమీ అక్కర్లేదు. అందుకని ఇది నాకోసం రాసుకుంటాను.

మొగుడి పేరు నోటితో అనకూడదన్నారు. రాయకూడదని ఎవరూ చెప్పలేదు. గంగాధరం. గంగాధరం. రెండుసార్లు రాశాను, ఇల్లేమీ కూలలేదు.

కూలాలని కాదు. ఇల్లు బాగానే ఉంది. తిరుచానూరు రోడ్డు దిగి, వేరుశనగ చేలు దాటి లోపలికి వస్తే సున్నం గీతలు గీసిన అరవై ప్లాట్లు. లేచిన ఇళ్ళు ఏడు. మాది ఐదోది. మూడు గదులు. ప్లాను గీయించినప్పుడు మూడో గది మీద ఆయనే పెన్సిలుతో 'పిల్లలకు' అని రాశాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. మా ఇంట్లో ఆలు ఉంది. అంతవరకు న్యాయమే.

ఫిబ్రవరి 12

తొమ్మిదింటికి ఆయన స్కూటరు బయలుదేరింది. ఆరుంబావుకు వచ్చింది. మధ్యలో నేను నోరు తెరిచే పని పడలేదు.

ఫిబ్రవరి 26

నా సెలవు ఇంకోసారి పొడిగించారని చిత్తూరు నుంచి కాగితం వచ్చింది. ఇదే ఆఖరట. జులై ఒకటిన డ్యూటీలో చేరకపోతే ఉద్యోగం పోయినట్టే. తిరుపతికి బదిలీ అడిగితే ఖాళీ లేదన్నారు.

నాలుగేళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేశాను. ఎనిమిది మంది ఆడపిల్లలం బోర్డుల ముందు వరసగా కూర్చునేవాళ్ళం. బెల్లం మండీవాళ్ళు మద్రాసుకు ట్రంకు కాల్ బుక్ చేసుకుని, లైను ఆలస్యమైతే నన్ను తిట్టేవాళ్ళు. ఇప్పుడు ఆ తిట్లు కూడా తీపిగానే గుర్తొస్తున్నాయి. పెళ్ళయిన మొదటి ఏడాదిన్నర అక్కడే ఉండి శనివారం శనివారం తిరుపతికి వచ్చేదాన్ని. పోయిన నవంబరులో ఇల్లు పూర్తయింది. ఇల్లు కట్టుకున్నాక మనిషి ఇంట్లో ఉండాలి కదా అని సెలవు పెట్టించాడు.

"ఈలోగా ఒక బిడ్డ పుడితే నువ్వే పోనంటావు సూడు" అంటాడు. కోపంగా అనడు, నవ్వుతూ అంటాడు. కోపంగా అని ఉంటే ఈపాటికి జవాబు చెప్పి ఉండేదాన్ని.

మార్చి 9

మా అత్త ఆదిలక్ష్మమ్మ ఊరి నుంచి వచ్చింది. కార్వేటినగరం దాటి లోపల వాళ్ళ ఊరు. కాళ్ళు కడుక్కోకముందే, ఉల్లిపాయలు పోసి ఉన్న మూడో గది తలుపు తీసింది.

"ఈడ ఎర్రగడ్డలు పోసినావేమ్మే?"

"వేరే చోటు లేదత్తా."

"మూడు గదుల ఇంట్లో చోటు లేదంటావా? అయితే ఉయ్యాల యాడ కడతావు?"

నేను నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. పక్కింటి వరదక్క అప్పుడే మజ్జిగ కోసం వచ్చి నిలబడి ఉంది. ఆమెకు పెళ్ళయి ఎనిమిదేళ్ళు. తిరుమల కొండ మీద పని చేసే మొగుడు వారానికి రెండు రోజులు ఇంటికొస్తాడు. ఉయ్యాల మాట వినగానే వరదక్క మజ్జిగ అడగడం మరిచిపోయి వెళ్ళిపోయింది.

మార్చి 10

ఒక్క చోటైనా నిజం రాయాలి.

పెళ్ళయిన మూడో నెలలో లూపు వేయించుకున్నాను. చిత్తూరులో నా స్నేహితురాలు మునిలక్ష్మి నర్సు కాబట్టి కుటుంబ నియంత్రణ క్యాంపుకు తీసుకెళ్ళింది. అసలు ఒక బిడ్డయినా లేనివాళ్ళకు వెయ్యరు. ఒక ఆడపిల్ల, ఏడాది వయసు అని చెప్పాను. రిజిస్టరులో అలాగే రాసుకున్నారు. ఆ లెక్కన నా కూతురికి ఇప్పుడు మూడో ఏడు జరుగుతూ ఉంటుంది.

కొంతకాలానికే అనుకున్నాను. ఇల్లు పూర్తయ్యేదాకా అనుకున్నాను. ఇల్లు పూర్తయింది. బదిలీ వచ్చేదాకా అనుకుంటున్నాను.

గంగాధరానికి చెప్పాలి. చెడ్డవాడైతే దాచడంలో అర్థముంది. ఆదివారం తీరిగ్గా ఉంటాడు. ఆదివారం చెబుతాను.

మార్చి 16

ఆదివారం. కొండకు వెళ్ళొచ్చాము. అలసిపోయి పడుకున్నాడు.

మార్చి 23

ఆదివారం. వాళ్ళ మేనేజరు భోజనానికి వచ్చాడు.

మార్చి 30

ఈ వారం ఏ అడ్డమూ లేదు. ఆయన వరండాలో కూర్చుని పేపరు చదివాడు. నేను బియ్యం ఏరాను. రెండు గంటలు ఎదురెదురుగా కూర్చున్నాము. రాళ్ళు కూడా లేవు ఆ బియ్యంలో.

ఏప్రిల్ 19

వరదక్క ఈ రోజు వాళ్ళ ఆడబిడ్డ కొడుకును ఎత్తుకుని వచ్చింది. ఎనిమిది నెలల పిల్లవాడు. "కొంచేపు పట్టుకో చంద్రా" అని నా చేతుల్లో పెట్టి నీళ్ళకు వెళ్ళింది. కుండ కన్నా బరువున్నాడు. నా ముక్కుపుడక లాగాడు. బాగున్నాడు, కాదనను. ఆమె తిరిగొచ్చి వాణ్ణి తీసుకున్నప్పుడు ఆమె చేతులు వాటంతట అవే వంగాయి. నా చేతులు వంగలేదు. నాకు పిల్లలంటే కోపం లేదు, భయం లేదు. ఆకలి లేదంతే. అన్నం మీద ఆకలి లేనివాళ్ళకు జబ్బంటారు. దీనికేమంటారో.

ఏప్రిల్ 27

అత్త నుంచి ఉత్తరం. మే రెండో వారంలో వాళ్ళ ఊళ్ళో ధర్మరాజుల గుడి దగ్గర భారతం ఉత్సవం. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు నేను వరపడాలట. అమ్మవారికి మొక్కేసుకుందట. నన్ను అడిగి మొక్కుకోలేదు గానీ, తీర్చవలసింది మాత్రం నేను.

వరపడటమంటే నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పిల్లల్లేని ఆడవాళ్ళు తడి చీరలతో, మెట్లు కొట్టి నిలబెట్టిన ఆ పొడుగాటి మాను చుట్టూ బోర్లా పడుకుంటారు. అర్జునుడి వేషగాడు పాటలు పాడుతూ పైకెక్కి నిమ్మకాయలు విసురుతాడు. ఎవరి మీద పడితే వాళ్ళకు సంతానం. వద్దనడానికి నోరు రాలేదు. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. నాకది అచ్చంగా జరిగేలా ఉంది.

వరదక్కకు చెబితే తనూ వస్తానంది. ఎంత ఆశగా అడిగిందో!

మే 10

వరదక్కా నేనూ అత్త ఊళ్ళో ఉన్నాము. పుత్తూరు దాకా నిలబడే వచ్చాము, అక్కడ సీటు దొరికింది. గంగాధరం రేపు ఉదయం వస్తాడు.

సాయంత్రం వింతైన సంగతి విన్నాను. అర్జునుడి వేషం వేసేది ఊరి దర్జీ దొరస్వామి. దీక్షలో ఉన్నాడు, గడ్డం పెంచాడు. అత్త అతన్ని పెరటి వాకిట్లోకి పిలిచి మాట్లాడుతోంది. నేను లోపల దీపం చిమ్నీ తుడుస్తున్నాను.

"దొరస్వామీ, నా కోడలు ఈశాన్యం మూల, రెండో మనిషిగా పండుకుంటాది. కొంచెం సూసి ఎయ్యప్పా."

"అట్ల సూసి ఎయ్యకూడదు పెద్దమ్మా. అర్జునుడు కండ్లు మూసుకోని ఎయ్యాల."

"ఒక కన్ను మూసుకో."

నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. నా మీద పడుతుంది. లోపల లూపు పెట్టుకుని, పైన నిమ్మకాయ వేయించుకుని, ఊరందరి ముందు దాన్ని తొక్కతో సహా నమిలి మింగాలి.

మే 11

తెల్లవారకముందే బావి దగ్గర మమ్మల్ని పసుపు నీళ్ళతో తడిపారు. ఇరవై మూడు మంది. అందరికీ పసుపు చీరలే, అందరివీ ముఖాలు నేలకే. అత్త నన్ను ఈశాన్యం మూల రెండో చోట పడుకోబెట్టి జనంలోకి వెళ్ళింది. వరదక్క నా ఎడమ పక్కన, మూడో చోట. దొరస్వామి ఇంకా గుడి దగ్గరే ఉన్నాడు.

"వరదక్కా, ఈడ రాయి గుచ్చుకుంటా ఉండాది. నువ్విట్ల రా, నేనట్ల వస్తా."

"నాకు రాళ్ళు ఒక లెక్కా" అని వెంటనే దొర్లింది. నేను ఆమె మీదుగా పాకి అటు వెళ్ళాను. ఆడవాళ్ళు చలికి వణుకుతూ ఎవరి మొక్కులో వాళ్ళున్నారు, ఎవరూ మమ్మల్ని చూడలేదు.

ఎండ ఎక్కేదాకా పడుకున్నాము. బురద ముక్కులోకి పోతోంది. దొరస్వామి ఒక్కో మెట్టుకు ఒక్కో పాట పాడుతూ ఎక్కుతున్నాడు. గొంతు బాగుంది. నేను దేవుణ్ణి పెద్దగా ఏమీ అడగని మనిషిని. ఈ రోజు అడిగాను. నా మీద పడకూడదు తల్లీ. చుట్టూ ఇరవై రెండు మంది పడాలి పడాలి అని ఏడుస్తుంటే మధ్యలో నేనొక్కదాన్నే పడకూడదని వేడుకున్నాను. అంతమంది ఆడవాళ్ళను ఆనుకుని పడుకుని, ఇంత ఒంటరిగా ఎప్పుడూ లేను.

విభూతి పడింది. పూలు పడ్డాయి. తర్వాత పక్కన ధప్పుమని చప్పుడు, వరదక్క వీపు మీద. ఆమె కెవ్వుమంది. లేచి కూర్చుని, బురద చేతులతోనే నిమ్మకాయను తొక్కతో, గింజలతో నమిలి మింగింది. కళ్ళ నీళ్ళు, పులుపు, నవ్వు అన్నీ కలిసి ముఖం ఎలాగో అయిపోయింది. నన్ను కావలించుకుని "నీ రాయి నాకు మేలు చేసినాది చంద్రా" అంది.

అత్త జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"నువ్వు రెండో చోట్లోనే కదా పండుకున్న్యావు?"

వరదక్కను అప్పటికే ఆడవాళ్ళు చుట్టుముట్టి గుడి వైపు తీసుకెళ్తున్నారు.

"అవునత్తా" అన్నాను.

మే 12

అత్త నిలదీస్తే దొరస్వామి గుడి మెట్ల మీద కర్పూరం వెలిగించి ప్రమాణం చేశాడు, గురి తప్పలేదని. అత్త నమ్మింది. అతన్నీ నమ్మింది, నన్నూ నమ్మింది. ఇద్దరినీ నమ్మితే ఇక మిగిలేది ఒక్కటే.

"వాని చెయ్యి తప్పలా. అమ్మోరే తిప్పేసినాది. మన ఇంటికి వద్దనుకునింది" అని కొడుకుతో చెప్పి గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

మే 21

గంగాధరం అన్నం సరిగ్గా తినడం లేదు. నిమ్మకాయల మీద నమ్మకమున్నవాడు కాదు. కానీ ఏదో ఆలోచిస్తున్నాడు. నేను కారణం అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం నేను.

మే 31

పొద్దున్నే వేలూరు వెళ్ళాడు. బ్యాంకు పని అన్నాడు. శనివారం వేలూరులో ఏం బ్యాంకు పని?

జూన్ 7

వారం తర్వాత చెప్పాడు, కంచంలోకి చూస్తూ.

"వేలూరు ఆసుపత్రిలో పరీక్ష చేయించుకున్నా. కాగితం వచ్చింది. లోపం నాలోనే ఉండాదంట. మందులకు కూడా లొంగదంట. అమ్మకు ఉత్తరం రాసేసినా. ఇంక నిన్నెవురూ ఏమీ అనరు."

నేను చారు వడ్డించాను.

జూన్ 8

ఆదివారం. నిజంగానే ఆయనలో లోపముందేమో. ఉండొచ్చు కదా. అప్పుడు లూపుకు అర్థం లేదు, కాబట్టి పాపమూ లేదు. ఎవరి వల్లా ఏమీ జరగనట్టే. ఎంత తేలికగా ఉందో రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఉంది. వంటింట్లో పని చేస్తూ కూనిరాగం తీస్తుంటే నాకే ఉలికిపాటు కలిగింది.

సాయంత్రం ఆయనే అన్నాడు, "జులైలో పోయి చేరు. ఈ నాలుగు గోడల మధ్య ఊరికే కూర్చోని ఏం చేస్తావు?" ఆరు నెలలు అడిగినా రాని మాట అడగకుండానే వచ్చింది.

జూన్ 14

మునిలక్ష్మికి ఉత్తరం రాశాను, ఆమె గదిలో నాకో మంచం చూడమని.

వరదక్క వచ్చింది. ఈ నెల కూడా బయట చేరిందట. "ఒక్కోసారి మూడు నెలలు పడతాదంట" అని నవ్వింది. నేను కూడా అవునన్నాను.

జూన్ 18

ఆయన తెల్లచొక్కా నానబెడుతుంటే జేబులో మడత కాగితం తగిలింది. వేలూరుది. మూడుసార్లు చదివాను. అంతా సవ్యంగా ఉందట. ఏ లోపమూ లేదట. సంతకం, తేదీ, ముద్ర.

అబద్ధం చెప్పాడు. లోపం నాలో ఉందనుకుని, గొడ్రాలన్న మాట నా మీద పడకుండా తన మీద వేసుకున్నాడు. ఊరికి ఉత్తరం కూడా రాశాడు. వాళ్ళ ఊళ్ళో మగవాడు అలాంటి మాట తన గురించి తనే రాసుకోవడం నేనెక్కడా వినలేదు. అరుగు మీద కూర్చునే పెద్దలు రేపు ఆయన్ని చూసి ఏమనుకుంటారో ఆయనకు తెలియదా?

రెండేళ్ళుగా చేస్తున్నది దొంగతనమని నాకు ఎప్పుడూ అనిపించలేదు. నా ఒళ్ళు, నా ఇష్టం అనుకున్నాను. ఒళ్ళు నాదే. పరువు మాత్రం ఆయనది. కాగితం ఎలా ఉన్నది అలాగే మడిచి అలమరాలో ఆయన పుస్తకాల మధ్య పెట్టాను. చాలాసేపు ఏడ్చాను. నాకు ఆయనంటే ఇష్టం. ఇది కూడా ఎక్కడా రాయలేదు ఇంతవరకు.

జూన్ 22

ఆదివారం. చెప్పలేదు. చెబితే పంపిస్తాడా?

మామిడిపళ్ళు తెచ్చాడు.

జూన్ 29

ఆదివారం. చెప్పేదాన్నే. మధ్యాహ్నం బస్సుకు అత్త వచ్చింది, ఒక్కతే.

గుమ్మంలోనే నా రెండు చేతులూ పట్టుకుంది. "మన్నించమ్మే. నిన్ను బురదలో పండబెడితిని. లోపం నా కడుపున పుట్టినోనిదని తెలియకపాయె" అంది. కొడుకు వంక చూడలేదు. ఆయన ముందు గదిలోనే ఉన్నాడు, పేపరు పట్టుకుని. అరగంటైనా పేజీ తిప్పలేదు.

అన్నం పెడితే ఆమె సగం కూడా తినలేదు. ఆ మనిషి నా దగ్గర అపరాధిలా కూర్చోవడం చూడలేకపోయాను. అయినా చూశాను.

జులై 1, చిత్తూరు

మునిలక్ష్మి గదిలో ఉన్నాను. ఆమెకు సాయంత్రం డ్యూటీ. జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున ఆరింటికి అత్త నన్ను వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టుకుని తల దువ్వింది. వాకిట్లో ఆయన నన్ను బస్టాండులో దించడానికి స్కూటరు తుడుస్తున్నాడు. బకెట్లో గుడ్డ పిండిన చప్పుడు వినిపిస్తోంది.

"పోయి ఉద్యోగం చేసుకో. నలుగుర్లో ఉంటే మనసు మళ్ళుతాది. నా కొడుకు చేతిలో పడి నీ బతుకు ఇట్లయిపోయె. నిన్ను పోబాకని చెప్పే నోరు నాకు యాడుండాది?"

ఊరుకుంటే చాలు. జడ అయిపోతుంది, బస్సు ఎక్కుతాను. నాకు కావలసింది నా చేతికి వచ్చేసింది. నోరు మూసుకుంటే ఇక జన్మలో ఎవరూ నన్ను ఏమీ అడగరు.

"అత్తా, ఆయనలో ఏ లోపమూ లేదు."

"ఓదార్చబాకమ్మే."

"ఓదార్పు కాదు. కాగితం నేను చదివినా. నాకే బిడ్డలు వద్దు. పెళ్ళయిన మూడో నెలే లూపు ఏయించుకున్నా, ఆయనకు తెలియకుండా. భారతంలో కూడా నేను రెండో చోట్లో పండుకోలా. వరదక్కను పండబెట్టినా. మీతో అబద్ధం చెప్పినా."

గట్టిగానే చెప్పాను, వాకిట్లోకి వినిపించేటట్టు. గుడ్డ చప్పుడు ఆగింది. నా తలలో ఆమె చేతులు ఆగాయి. జుట్టు పట్టుకుని ఈడుస్తుందనుకున్నాను. అలా చేసినా ఏమీ అనగలిగేదాన్ని కాదు.

"దొరస్వామిని దొంగని చేస్తిని" అంది. "కర్పూరం ముట్టించినాడు పాపం." నేను తల తిప్పబోయాను.

"కదలబాక. పాయ జారిపోతాది."

చివరిదాకా అల్లింది. రిబ్బను అంత బిగించి నాకెవరూ ఎప్పుడూ కట్టలేదు. ఇప్పుడు కూడా తల నొప్పిగా ఉంది. లేచి పెరట్లోకి వెళ్ళింది. నేను బయలుదేరేటప్పుడు పిలిచినా రాలేదు.

బస్టాండులో ఆయన పెట్టె పైకి అందించాడు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన కింద నిలబడి కిటికీ ఊచ పట్టుకున్నాడు. అప్పుడు అడిగాడు.

"ఇప్పటికి వద్దా, ఎప్పటికీ వద్దా?"

కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోపం కాదు. ఏ జవాబు కావాలో ఆ ముఖంలోనే తెలుస్తోంది. 'ఇప్పటికి' అంటే చాలు, ఇంకో రెండేళ్ళు ఆ మాట పట్టుకుని కూర్చుంటాడు. నాకూ అది పూర్తిగా అబద్ధం కాదని సర్ది చెప్పుకోవచ్చు. ఆ విద్య నాకు బాగా వచ్చు. కండక్టరు ఈల ఊదాడు.

"ఎప్పటికీ" అన్నాను.

తల ఊపాడు. ఊచ మీద నుంచి చెయ్యి తీశాడు. బస్సు కదిలింది.

వెనక్కి తిరిగి చూడలేదని రాయాలని ఉంది. చూశాను. స్కూటరు మీద కూర్చున్నాడు గానీ స్టార్టు చెయ్యలేదు. రెండు చేతులూ హ్యాండిలు మీద పెట్టుకుని బస్సు వైపే చూస్తున్నాడు. మలుపు దాకా నేనూ చూస్తూనే ఉన్నాను.